కష్టకాలంలో డబ్బు గురించి రాసేవాళ్ళకి

తిరుపతి, జులై 2025

నాయనా,

నీ ఉత్తరం చేరింది. తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరి ఉంటే, మా ఊళ్ళో వాళ్ళకి సిప్‌ల గురించి, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో కొంత పెట్టడం గురించి, ఏ మొహంతో రాయాలి అని అడిగావు. కొన్నాళ్ళు రాయడం ఆపేస్తానన్నావు. నువ్వు ఇన్నాళ్ళూ చదివి నేర్చుకున్న పెద్దవాళ్ళు కూడా ఇలాంటి సమయాల్లోనే ఎందుకు కనబడకుండా పోతారో చెప్పమన్నావు. ముందు దానికే జవాబు చెప్తాను. అది అర్థమైతే నువ్వు ఆపాలో వద్దో నీకే తెలుస్తుంది.

అందరూ అనుకునే కారణం ఆదాయం. అది నిజమే. డబ్బు గురించి రాసేవాళ్ళలో చాలామందికి రాత మీద కాదు, ఆ రాత చూసి ఎవరో షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిస్తేనో, క్రెడిట్ కార్డు తీసుకుంటేనో వచ్చే కమీషన్ మీద ఇల్లు గడుస్తుంది. కాలం బాగాలేనప్పుడు కంపెనీలు మొట్టమొదట కోసేది ప్రకటనల ఖర్చే. రాసేవాడికీ పిల్లల ఫీజులుంటాయి, వేరే పని వెతుక్కుంటాడు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఇంకో సంగతి ఉంది. కరోనా భయంతో 2020 మార్చి 23న షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజులో 13 శాతం పడి 26 వేల కిందికి దిగింది. 2021 సెప్టెంబరుకల్లా 60 వేలు దాటింది. దేశంలో డీమ్యాట్ ఖాతాలు రెండేళ్ళలో సుమారు 4 కోట్ల నుంచి 9 కోట్ల దాకా పెరిగాయి. ఈ మధ్యలోనే ఎంతోమంది కొత్తగా రాయడం మొదలుపెట్టారు. ఏది కొన్నా పెరిగే రోజుల్లో ఏది రాసినా నిజమైనట్టే కనిపిస్తుంది. ధర దిగడం మొదలయ్యాక పాఠకుడు పాత రాతలు తీసి చూస్తాడు. అప్పుడు ఎదురుపడి మాట్లాడటానికి చాలా గుండె కావాలి. పైగా షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధనలు కూడా బిగుసుకున్నాయి. 2013 నుంచే సలహాదారులకు రిజిస్ట్రేషన్ ఉండాలన్న రూలు ఉంది. 2025 జనవరిలో వచ్చిన సర్క్యులర్, పాఠాలు చెప్పేవాళ్ళు గత మూడు నెలల షేర్ల ధరలు వాడకూడదంది. నువ్వు ఏ షేరు పేరూ ఎత్తవద్దు. నీకు దానితో పని లేదు.

కానీ అసలు కారణం ఇవేవీ కాదని నా నమ్మకం. మన రాతలన్నీ ఒక నమ్మకం మీద నిలబడి ఉంటాయి. నెలాఖరుకి ఇంట్లో ఎంతో కొంత మిగులుతుందన్నదే ఆ నమ్మకం. మిగిలినదాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంతకాలం పెట్టాలి, ఇదే మన విద్య అంతా. మిగులు పోయిన మరుక్షణం మన సూత్రాల్లో సగం పనిచేయవు, కొన్ని తలకిందులవుతాయి. ఇన్నాళ్ళూ గట్టిగా చెప్పిన మాటని తనే తిప్పి రాయాలి. అది కూడా అందరికీ ఒకేలా కాదు, ఇంటికొక రకంగా. చాలామంది ఆ పని పెట్టుకోలేక మౌనంగా ఉండిపోతారు.

పీఎఫ్ సంగతే తీసుకో. రిటైర్మెంట్ దాకా పీఎఫ్ డబ్బు ముట్టుకోవద్దని మనమందరం రాస్తాం. పాతికేళ్ళవాడు యాభై వేలు తీయకుండా ఉంచితే, 8 శాతం చొప్పున ముప్ఫై ఏళ్ళకి అది 5 లక్షలవుతుంది. లెక్క తప్పు కాదు. 2020 మార్చిలో ప్రభుత్వం మూడు నెలల మూలవేతనం, డీఏ లేదా ఖాతాలో ఉన్నదానిలో 75 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకోవచ్చని చెప్పినప్పుడు కూడా చాలామంది రాతగాళ్ళు 'ముట్టుకోవద్దు' అనే రాశారు. జీతం ఆగిపోయినవాడికి ఇంకో దారేముంది? నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి బయట తేవడం. అంటే ఏడాదికి 36 శాతం. యాభై వేలకి ఏడాదికి పద్దెనిమిది వేలు వడ్డీకే పోతుంది, మూడేళ్ళు తీర్చలేకపోతే వడ్డీ అసలుని దాటుతుంది. వాడికి పీఎఫ్ తీసుకోవడమే సరైన పని. 8 శాతం సంపాదించే డబ్బుని కాపాడటానికి 36 శాతం కట్టమని చెప్పడం అన్యాయం. కానీ ఈ మాట రాయాలంటే ముందు నూటికి మూడు రూపాయల వడ్డీ గురించి తెలిసుండాలి. అది పుస్తకాల్లో ఉండదు, మన వీధుల్లో ఉంటుంది.

తిరుపతిలో ఉండి నేను అది చాలా దగ్గరగా చూశాను. కరోనా వల్ల 2020 మార్చి 20 నుంచి కొండ మీద భక్తులకి దర్శనం ఆపేశారు. మళ్ళీ జూన్ 11న మొదలైంది. దాదాపు 80 రోజులు. ఈ ఊళ్ళో లాడ్జీలు, టిఫిన్ అంగళ్ళు, జీపు డ్రైవర్లు, పూల బుట్టలవాళ్ళు, బొమ్మలమ్మేవాళ్ళు, అందరి పొయ్యీ కొండ మీదికి వెళ్ళే మనిషిని బట్టే వెలుగుతుంది. ఆ రోజుల్లో నన్ను ఎవరూ ఏ ఫండ్ మంచిదని అడగలేదు. అద్దె ముందా, కిస్తీ ముందా? చీటీ పాడుకున్నాక వాయిదా తప్పితే ఏమవుతుంది? నగ కుదువ పెట్టాలా, ఏకంగా అమ్మేయాలా? ఇవే ప్రశ్నలు. వీటికి తెలుగులో జవాబు రాసినవాళ్ళు నాకు బహు తక్కువగా కనిపించారు.

అప్పుడు రాయాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడు. రిజర్వు బ్యాంకు మార్చి 27న కిస్తీలకి మూడు నెలల వాయిదా ఇచ్చింది, తర్వాత ఆగస్టు నెలాఖరు దాకా పొడిగించింది. జనం దాన్ని మాఫీ అనుకున్నారు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. ముప్ఫై లక్షల ఇంటి లోను, 8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు అనుకో. కిస్తీ సుమారు 25 వేలు. లోను తీసుకున్న కొత్తలోనే ఆరు నెలలు ఆపితే, తర్వాత అదే కిస్తీ కడుతూ పోతే, గడువు ఆరు నెలలు కాదు, దాదాపు ముప్ఫై రెండు నెలలు వెనక్కి పోతుంది. ఆపిన ఆరూ కాక, పైన మరో ఇరవై ఆరు కిస్తీలు. చేతిలో డబ్బుండీ ఆపినవాడికి ఇది పెద్ద నష్టం. డబ్బు లేక ఆపినవాడికి ప్రాణం నిలిచింది. ఇద్దరికీ ఒకే సలహా చెల్లదు, కానీ ఈ లెక్క మాత్రం ఇద్దరికీ తెలియాలి.

బంగారం కూడా అంతే. 2020 ఆగస్టులో పది గ్రాములు 55 వేలు దాటింది. అదే నెలలో రిజర్వు బ్యాంకు, నగల విలువలో 75 శాతం దాకా ఇచ్చే అప్పుని బ్యాంకులు 2021 మార్చి దాకా 90 శాతం వరకూ ఇవ్వొచ్చంది. చాలామందికి వరంలా తోచింది. మార్చి వచ్చేసరికి బంగారం 45 వేల దగ్గరికి దిగింది. శిఖరం దగ్గర తొంభై శాతం తీసుకున్నవాళ్ళకి నగ విలువ కంటే అప్పే ఎక్కువైంది. పెళ్ళి నాటి గొలుసు వేలానికి పోతుందేమోనని ఒక ఇల్లాలు ఎంత టెన్షన్ పడుతుందో నీకు చెప్పనక్కర్లేదు. 'ఇస్తామన్నంతా తీసుకోవద్దు, అవసరమైనంతే తీసుకో' అని ఒక్క పేజీ రాసి ఉంటే ఎన్ని గొలుసులు ఇంట్లో ఉండేవో.

పాఠకులు చదవరేమో అన్న భయం నీకు ఉంటుంది. అది నిజమైన భయమే. మార్కెట్ పడేటప్పుడు మదుపుదారులు తమ ఖాతాల్లోకి తొంగి చూడటమే తగ్గిస్తారని జార్జ్ లోవెన్‌స్టైన్, మరో ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. అప్పులున్న మనిషి బ్యాంకు కవరు విప్పకుండా టీవీ మీద పెట్టేయడం మనకీ తెలుసు. కాబట్టి ఇప్పుడు నీకు చదివేవాళ్ళు తగ్గుతారు. చదివే కొద్దిమందీ రాత్రి అందరూ పడుకున్నాక, ఎవరికీ చెప్పకుండా చదువుతారు. వాళ్ళని మందలించవద్దు. 'ముందే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని ఉండాల్సింది' లాంటి వాక్యం నీ రాతలో కనిపిస్తే కొట్టెయ్. అది నిజమే అయినా ఇప్పుడు దానివల్ల ఎవరికీ ఒక్క రూపాయి రాదు.

నువ్వు ఆపకూడదని నేను శాసించడం లేదు. మీ ఇంట్లోనే ఇబ్బంది ఉంటే, మనసు బాగా లేకపోతే ఆపు. ఫలానా కారణంగా కొన్నాళ్ళు రాయనని రెండు ముక్కలు చెప్పి ఆపు. నీ మాట విని మొదటిసారి సిప్ పెట్టినవాడు నీ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు, వాణ్ణి నడిమధ్యలో వదిలేసినట్టు కాకూడదు. సిగ్గుపడి మాత్రం ఆపవద్దు. మామిడి రైతుకి సిప్ గురించి రాయలేకపోవడం నీ చేతకానితనం కాదు. ఇప్పుడు అతనికి కావలసింది అది కాదని నువ్వు గుర్తించావు. చాలామంది రాతగాళ్ళకి ఆ గుర్తింపే రాదు.

అతనికి ఏం కావాలో చూద్దాం. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకి 12 అని ప్రకటించారు. డబ్బు చేతికి ఎప్పుడొస్తుందన్నది వేరే మాట. ఈలోగా పంట రుణం గడువు వస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం. గడువులోపల కట్టినవాడికి 3 శాతం రాయితీ, అంటే 4 శాతమే పడుతుంది. తేదీ దాటితే ఆ రాయితీ పోతుంది. కొందరు రెన్యువల్ కోసం పది రోజులకని బయట వడ్డీకి తెచ్చి కడతారు. బ్యాంకు మళ్ళీ అప్పు విడుదల చేయడం ఆలస్యమైతే ఆ పది రోజులు రెండు నెలలవుతాయి. ఎన్ని రోజుల వరకు అలా తేవడం లాభం, ఎప్పుడు నష్టం? ఇది నువ్వు వేయగలిగిన లెక్క. రెండు లక్షల మీద 3 శాతం అంటే ఏడాదికి ఆరు వేలు. అదే రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి నాలుగు వేలు. నెలన్నరకే రాయితీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఈ నాలుగు వాక్యాలు మీ ఊళ్ళో ఎవరైనా రాసి పెట్టారా?

మొదట ఇదే రాయి. రాసే ముందు బంగారుపాళ్యం మామిడి యార్డు దగ్గర నలుగురు రైతులతో కూర్చుని, ఎవరి గడువు ఎప్పుడు, బయట వడ్డీ ఎంత నడుస్తోందో అడుగు. తర్వాత మీ బ్యాంకు బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరుని కలిసి, బాకీ కట్టాక కొత్త అప్పు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతోందో కనుక్కో. రాసింది నాకు పంపు, అంకెలు సరిచూసి రెండు రోజుల్లో తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన