రోబో కిట్ ఇప్పుడే కొనాలా? ఓపెన్ సోర్స్ రోబోటిక్స్ ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి విజయవాడ దగ్గర ఒక కాలేజీలో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రాస్ 2 అనే రోబోటిక్స్ సాఫ్ట్‌వేర్‌కి కాంట్రిబ్యూట్ చేస్తానంటూ 45 వేల కిట్ అడుగుతున్నాడు. పైసా రాని పనికి ఇంత ఖర్చు పెట్టాలా? రేపు ఉద్యోగానికి అక్కరకొస్తుందా?

జవాబు: పని మంచిదే. కిట్ మాత్రం ఇప్పుడే కొనకండి. రాస్ 2 ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా మార్పులు పంపొచ్చు. వాడటం ఉచితం. గెజిబో అనే సిమ్యులేటర్‌లో రోబోని తెర మీదే నడపొచ్చు, అదీ ఉచితమే. ఖర్చు పెట్టాలనే ఉంటే, ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే 16కి పెంచండి. ఇక్కడి నుంచి అబ్బాయిని చదవమనండి.

లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 24.04, దాని మీద రాస్ 2లో జాజీ అనే వెర్షన్ వేసుకో. జాజీ 2024 మేలో వచ్చింది, 2029 మే దాకా సపోర్ట్ ఉంటుంది. యూట్యూబ్‌లో కనిపించే పాత పాఠాల్లో చాలావరకు రాస్ 1వి. దాని చివరి వెర్షన్ నోయెటిక్‌కి 2025 మేలోనే సపోర్ట్ ఆగిపోయింది, వాటి జోలికి పోకు. డ్యూయల్ బూట్ (ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ) పెట్టేముందు విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. అది లేకుండా బూట్ సెట్టింగులు కదిలిస్తే విండోస్ తెరుచుకోదు, సెమిస్టర్ రికార్డులన్నీ అందులోనే చిక్కుకుంటాయి. ఉబుంటుకి 80 జీబీ వదిలితే ఇబ్బంది ఉండదు.

ఇన్‌స్టాల్ అయ్యాక రెండు టెర్మినల్స్ తెరిచి ఒకదానిలో మెసేజీలు పంపే టాకర్, రెండోదానిలో వాటిని అందుకునే లిజనర్ అనే నమూనా ప్రోగ్రాములు నడుపు. రెండోదానిలో 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తే ఆ టెర్మినల్‌లో రాస్ సెటప్ ఫైల్‌ని 'సోర్స్' కమాండ్‌తో లోడ్ చేయలేదన్నమాట. ఆ లైను, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడిచే బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో పెట్టేయి. మెషీన్ లెర్నింగ్ కోర్సు కోసం అనకొండా అనే పైథాన్ ప్యాకేజీ వేసి ఉంటే ముందు దాన్ని డీయాక్టివేట్ చెయ్యి. లేకపోతే దాని పైథాన్ అడ్డొచ్చి రాస్ లైబ్రరీలు ఇంపోర్ట్ కావు. కాలేజీ ల్యాబ్‌లో పక్కవాడి మెసేజీలు నీ తెర మీద పడుతుంటే కంగారు పడకు. అందరూ డొమైన్ ఐడీ (ఏ రాస్ గుంపు ఎవరితో మాట్లాడాలో చెప్పే అంకె) 0 మీదే ఉన్నారు, నీది 0 నుంచి 101 లోపు వేరే అంకెకి మార్చుకో. హాస్టల్ వైఫైలో దీనికి రివర్స్‌లో, రెండు ల్యాప్‌టాప్‌లు ఒకదాన్నొకటి అసలు చూడకపోవచ్చు. ఒకదాన్నొకటి వెతుక్కోడానికి రాస్ వాడే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే పద్ధతి) చాలా నెట్‌వర్క్‌లలో మూసేసి ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడు.

ఇక బిల్డ్, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారుచేయడం. ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. రాస్ మొత్తాన్ని సోర్స్ నుంచి కట్టాలనుకోకు. మార్చదలచిన ఒక్క ప్యాకేజీని వర్క్‌స్పేస్ (నీ పని ఫోల్డర్)లోని ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లోకి గిట్‌తో క్లోన్ (కాపీ) చేసి, రాస్‌డెప్ అనే టూల్‌తో దానికి కావలసినవి వేయించి, రాస్ బిల్డ్ టూల్ అయిన కోల్కన్‌తో 'కోల్కన్ బిల్డ్' కొట్టు. మధ్యలో కంపైలర్ 'కిల్డ్' అని ఆగితే అది కోడ్ తప్పు కాదు, మెమరీ చాలలేదు. ఒకేసారి జరిగే పనులు తగ్గించడానికి కోల్కన్‌కి ప్యారలల్ వర్కర్స్ 1 పెట్టి, మేక్‌ఫ్లాగ్స్ అనే సెట్టింగ్‌లో హైఫన్ జె2 ఇవ్వు. నిదానంగానైనా పూర్తవుతుంది. ఇంకో చిక్కు: కొత్త మార్పులు ముందు రోలింగ్ (ఎప్పటికప్పుడు మారుతుండే తాజా వెర్షన్) లేదా మెయిన్ బ్రాంచ్‌కి వెళ్లాలి, అక్కడి నుంచి జాజీకి బ్యాక్‌పోర్ట్ చేస్తారు, అంటే పాత వెర్షన్‌లోకి తెస్తారు. ఆ బ్రాంచ్ నీ జాజీ మీద కంపైల్ కాకపోతే రోలింగ్ డాకర్ ఇమేజ్‌లో (నీ సిస్టమ్‌ని కదపకుండా విడిగా నడిచే రెడీమేడ్ సెటప్) పని చెయ్యి.

మొదటి పుల్ రిక్వెస్ట్ (నీ మార్పుని అసలు కోడ్‌లో కలపమని పంపే అర్జీ) చిన్నదిగా ఉండాలి. గిట్‌హబ్‌లో 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' (కొత్తవాళ్లకి తగిన పని) లేబుల్ ఉన్నవి వెతుకు. ఇంకా మంచిది, ఎవరో రాసిన బగ్‌ని నీ మెషీన్‌లో మళ్లీ తెప్పించి, ఏ వెర్షన్‌లో ఏ కమాండ్‌కి వస్తోందో వివరంగా రాయడం. ప్రాజెక్ట్ కోడ్ చూసుకునే మెయింటెయినర్లకి అలాంటివాళ్లే కావాలి. గిట్‌లో మార్పుని కమిట్ (నమోదు) చేసేటప్పుడు హైఫన్ ఎస్ మరిచిపోతే సైన్ ఆఫ్ (నీ పేరుతో ధ్రువీకరణ) లేదని చాలా రిపోజిటరీల్లో చెక్ ఎర్రగా ఆగుతుంది. పంపేముందు కోల్కన్ టెస్ట్ నడుపు. సీ ప్లస్ ప్లస్‌లో లైను 100 అక్షరాలు దాటినా, కోడ్ రాసే పద్ధతిని తనిఖీ చేసే లింటర్ ఒప్పుకోదు. జవాబు వారాల తరబడి రాకపోవచ్చు. అడపాదడపా మర్యాదగా గుర్తు చెయ్యి, రోజూ కాదు. చాట్‌బాట్‌తో రాయించి చదవకుండా పంపితే రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

మళ్లీ మీకు, సార్. క్యాంపస్‌కి వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీల్లో దీన్ని ఎవరూ పెద్దగా అడగరు, కాబట్టి ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ చదువు ఆగకూడదు. రోబోటిక్స్ కంపెనీలు మాత్రం అడుగుతాయి. ఆ ఉద్యోగాలు మన దగ్గర తక్కువ, బెంగళూరు, హైదరాబాద్, పుణె వెళ్లాలి. సీ ప్లస్ ప్లస్ గట్టిగా వచ్చి, మెర్జ్ అయిన (అసలు కోడ్‌లో కలిసిన) పుల్ రిక్వెస్టులు నాలుగైనా ఉంటే ఇంటర్వ్యూలో వాటి మీదే మాట్లాడొచ్చు. 18 ఏళ్లు నిండినవాళ్లకి ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం ఉంది, ఎంపికైతే స్టైపెండ్ కూడా ఇస్తారు. రాస్ వెనక ఉన్న సంస్థ ఓపెన్ రోబోటిక్స్ చాలా ఏళ్లు అందులో పాల్గొంది.

మూడో సంవత్సరం మొదలయ్యేసరికి మెర్జ్ అయినవి రెండైనా చూపిస్తే, అప్పుడు కిట్ సంగతి మాట్లాడండి. అప్పటికి తనకి ఏ సెన్సర్ కావాలో తనకే తెలుస్తుంది, బహుశా 45 వేలు కూడా కాదు.