గండిలో బంగారు తోరణం, పత్తికొండలో మన్రో మరణం

చరిత్రలో జరిగినదేదో, జనం అల్లుకున్న కథ ఏదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. కథ మొత్తాన్ని ఒక్కసారిగా నమ్మడమో కొట్టిపారేయడమో చేయకుండా, దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకూ వేరుగా సాక్ష్యం అడగాలన్నది కడప జిల్లాలో పుట్టి పెరిగిన నా దృఢమైన అభిప్రాయం.

వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చే చోట గండి ఆంజనేయస్వామి ఆలయం ఉంది. లంక నుంచి తిరిగి వస్తున్న శ్రీరామునికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడనీ, మరణం దగ్గరపడిన పుణ్యాత్ములకే అది కనిపిస్తుందనీ స్థలపురాణం. కుంపిణీ కాలపు ఆంగ్లేయ అధికారి (దొర) సర్ థామస్ మన్రోకు ఆ తోరణం కనిపించిందనీ, ఆ తర్వాత కొద్దికాలానికే ఆయన కన్నుమూశాడనీ మా వైపు చెప్పుకుంటారు. ఒక శ్రావణ శనివారం గుడి దగ్గర టెంకాయలమ్ముకునే పెద్దాయన ఈ కథే చెబుతుంటే, ఇంజనీరింగు చదువుతున్న మా అక్క కొడుకు ‘ఇదంతా కట్టుకథ’ అని ముఖం మీదే అనేశాడు. పెద్దాయన కోప్పడలేదు. “అట్లయితే దొర సచ్చిపోయింది గూడా అబద్ధమేనా నాయనా?” అని అడిగాడు. వాడి దగ్గర జవాబు లేదు. చరిత్ర పరిశోధన మొదలుకావలసింది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

మన్రో మరణం నిజం. మద్రాసు గవర్నరుగా పర్యటనలో ఉండగా 1827 జూలై 6న పత్తికొండలో ఆయన కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసిన భౌతికకాయాన్ని తరువాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఈ సంగతులను కథతో సంబంధం లేని ప్రభుత్వ కాగితాలూ సమాధీ చెబుతున్నాయి. తోరణం సంగతి వేరు. అది ఆయన ఒక్కడికే కనిపించిందంటారు గనుక ఆయనే చెప్పి ఉండాలి. పైగా మనిషి పోయాక గాని అది మృత్యుసూచన అని ఎవరికీ తెలిసే వీలు లేదు. ఇటువంటి శకునాలు మరణం తరువాతే కథలో చేరతాయి.

అయినా ఆ కథ అన్యమతస్థుడైన ఒక దొరనే పుణ్యాత్ముడిగా ఎందుకు ఎంచుకుంది? 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి దత్తం చేశాక, 1807 వరకు మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా డేరాల్లో తిరుగుతూ రైతులతో నేరుగా శిస్తు ఒప్పందాలు చేసుకున్నాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత అభిమానం జనంలో మిగిలింది. ఆ అభిమానం చారిత్రక వాస్తవమే. కానీ కథ దాచిన మరో వాస్తవం ఉంది: శిస్తు ఎంత భారమైందంటే, నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోయే సిఫారసు చేశాడు, అది అమలయ్యేసరికి 1820 వచ్చింది.

కుంపిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులనూ, అంటే ఊళ్ల చరిత్రలు రాసిన స్థానిక రికార్డులనూ, ఇలాగే చదవాలి. చాలా ఊళ్ల కైఫీయత్తులు మహాభారతంలోని జనమేజయ మహారాజు దానంతో మొదలవుతాయి. మాన్యాలు (దానంగా వచ్చిన భూములు) నిలబెట్టుకోవాలనుకునేవారికి అంత పాత దాత అవసరం. అదే కైఫీయత్తు చివర పాళెగాళ్ల గురించీ, చెరువు తవ్వించినవారి గురించీ, గ్రామ శివార్ల గురించీ రాసిన భాగాన్ని నేను చాలావరకు నమ్ముతాను. చదివే ఊరివారు తప్పు రాస్తే ఊరుకోరు గదా.

నన్ను నిజంగా బాధించేది కథలు చెప్పే పెద్దాయనలు కారు. జీర్ణోద్ధరణ పేరుతో గుడి గోడల మీది శాసనాలకు ఎనామిల్ రంగు పూసి అక్షరాలు పూడ్చేసి, ఆ పక్కనే స్థలపురాణాన్ని పాలరాతి పలక మీద చెక్కించే కమిటీలే నన్ను బాధిస్తున్నాయి. దానం ఎవరిచ్చారో, ఏ సంవత్సరంలో ఇచ్చారో చెప్పగల రాయి రంగు కింద ఉండిపోతే, మీరడిగిన తేడాను పోల్చి చూసుకోవడానికి ఆ ఊళ్లో ఇక కథ ఒక్కటే మిగులుతుంది. మీ ఊరి గుడికి రంగులు వేయించే ప్రయత్నంలో ఉంటే, ముందుగా ఆ రాతలను ఫొటోలు తీయించి పురావస్తు శాఖవారికి చూపించండి.