జింకలు మేసే పూలతోటకు ఏ రక్షణ నిలుస్తుంది?

విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న గులాబీ మొగ్గలు తెల్లవారేసరికి కాడలతో సహా మాయమవుతున్నాయని, సబ్బు ముక్కలు వేలాడదీసినా, పాదుల్లో వెంట్రుకలు చల్లినా జింకలు కొద్దిరోజులకే మళ్లీ వచ్చాయని మీరు రాశారు. మా పెరడు కూడా చెట్లు దట్టంగా ఉన్న చోటికి ఆనుకొనే ఉంది కాబట్టి ఈ బాధ నాకు కొత్త కాదు. వాసనలూ చప్పుళ్లూ జింకను కొంతకాలం జంకిస్తాయే తప్ప ఆపవని, ఆపగలిగేది కంచె ఒక్కటేనని ఇన్నేళ్లలో నాకు రూఢి అయింది. అందుచేత తోట మొత్తాన్ని ఒకే తీరున కాపాడాలనుకోకుండా, ఏ మొక్కలు పోతే మీరు ఓర్చుకోలేరో ముందుగా తేల్చుకొని, శ్రమా ఖర్చూ వాటి మీదే పెట్టండి.

అయితే మేస్తున్నది జింకేనని నిర్ధారించుకోవడం అవసరం. జింకకు పై దవడ ముందు భాగంలో కొరికే పళ్లు ఉండవు. కింది పళ్లతో కాడను పళ్లు లేని పై దవడకు అదిమిపట్టి లాగుతుంది కాబట్టి తెగిన చోటు పీచులు తేలి, చిరిగినట్లు ఉంటుంది. అదే కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినంత నున్నగా, నేలకు దగ్గరగా తెగుతుంది. చిరిగిన కాడలు మోకాలి ఎత్తుకు పైన ఉండి, తడి మట్టిలో రెండుగా చీలిన గిట్టల గుర్తులు కూడా కనిపిస్తే ఇక అనుమానించనక్కర్లేదు. చిన్న చెట్ల బెరడు ఊడిపోయి ఉంటే మాత్రం అది మేత కాకపోవచ్చు, మగజింక కొమ్ములు రుద్దిన జాడ కావచ్చు. అక్కడ ఏ మందు చల్లినా ఉపయోగం లేదు, కాండం చుట్టూ గట్టి తీగవలను కాస్త ఎడంగా నిలబెట్టాలి.

కంచె విషయానికి వస్తే, పెద్ద స్థలం చుట్టూ వేసేదానికి ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటేనే నమ్మకం, ఎందుకంటే అంతకు తక్కువైన వాటిని బాగా ఎగరగల జింకలు తేలికగానే దాటుతాయి. అయితే అవి ఎప్పుడూ ఎగిరే వస్తాయనుకోకూడదు. కింద సందు దొరికితే మోకాళ్ల మీద వంగి దూరడమే వాటికి సులువు, కాబట్టి వల అడుగు అంచును నేలకు మేకులతో బిగించడం ఎత్తుకు ఏమాత్రం తీసిపోని పని. అంత ఎత్తు కట్టలేనివారు నాలుగైదు అడుగుల కంచెలు రెండింటిని, మధ్య మళ్లీ నాలుగైదు అడుగుల ఎడంతో వేసుకోవచ్చు. జింక ఎత్తునూ దూరాన్నీ ఒకేసారి దాటడానికి వెనకాడుతుంది. అవతల ఏముందో కనిపించని చోటికీ, దిగడానికి తావు చాలని ఇరుకుకూ కూడా అది సాధారణంగా దూకదు. ఈ చివరి గుణమే నాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది: విడివిడిగా ఉన్న గులాబీలన్నింటినీ సన్నని పొడవాటి మడి ఒక్కదానిలోకి మార్చి, దాని చుట్టూ ఛాతీ ఎత్తు తీగవల బిగించాక, బయటి మొక్కలను మేసిన జింకలు లోపలికి మాత్రం రాలేదు. వల ఎక్కడా వదులుగా వేలాడకూడదు. కొమ్ములు చిక్కుకుంటే జంతువుకూ ప్రమాదమే, విడిపించబోయే మనిషికీ ప్రమాదమే.

పిచికారీలలో కోడిగుడ్డుతో చేసినవే మెరుగు. నాలుగు పాళ్ల నీటిలో ఒక పాలు గుడ్డు గిలక్కొట్టి, పచ్చసొనకు ఇరువైపులా ఉండే తెల్లని పోగులను ముందే తీసేసి వడకడితే గొట్టం పూడుకుపోదు. వాన కురిశాక ఒకసారి, లేకున్నా మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్తగా వచ్చిన చిగుళ్ల మీద మందు ఉండదని, జింకకు కావలసినది సరిగ్గా ఆ చిగుళ్లేనని గుర్తుంచుకోవాలి. సబ్బు వాసన వేలాడదీసిన కొమ్మ పరిసరాలను దాటి పెద్దగా పోదు కాబట్టి మీకు ఎదురైన ఫలితం ఆశ్చర్యం కలిగించదు. కదలికను పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ మొదట్లో చక్కగా పనిచేస్తుంది, కాని జింకలు దానికీ అలవాటుపడతాయి; చోటు మారుస్తూ ఉంటేనే దాని మీద భయం మిగులుతుంది. మెరిసే రిబ్బన్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక మొక్కల ఎంపిక. గులాబీ, మందారం, లిల్లీ, తులిప్ వంటివి జింకలకు ప్రీతి. గన్నేరు, బిళ్లగన్నేరు, డాఫొడిల్ వంటి విషగుణమున్న వాటినీ, లావెండర్, రోజ్‌మేరీ వంటి ఘాటైన వాటినీ, విరిస్తే పాలు కారే యుఫోర్బియా జాతులనూ అవి సాధారణంగా వదిలేస్తాయి. పసిపిల్లలు ఉన్న ఇంట్లో గన్నేరు నాటడానికి నేను మాత్రం సలహా ఇవ్వను. ఇలాంటి మొక్కలను తోట అంచున వరుసగా నాటితే గోడలా అడ్డుపడతాయని చాలామంది చెబుతారు గాని, జింక వాటి మధ్యగా నడిచి వచ్చి వెనకున్న గులాబీని తినగలదు; వాటిని నాటడంలో ఉన్న లాభం అవి తాము బతుకుతాయనేంతవరకే. కరువు కాలంలో ఆ మాటకు కూడా పూచీ లేదు.

మేసేసిన మీ గులాబీలను పీకవద్దు. చిరిగిన కాడలను కింద ఉన్న ఆరోగ్యమైన కణుపుకు కాస్త పైన పదునైన కత్తెరతో కోసేస్తే, వేళ్లు బలంగా ఉన్నంతవరకు అవి మళ్లీ చిగురిస్తాయి. కాకపోతే లేతగా, రసంగా వచ్చే ఆ చిగుళ్లకే జింకలు ముందుగా వస్తాయి కాబట్టి, కత్తిరింపు చేసిన రోజే వలను కూడా బిగించండి. నత్రజని ఎరువును అప్పటివరకు ఆపడం మేలు.