హెరాల్డ్ కొంటానంటున్న అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ప్రొద్దుటూరులో అమ్మకానికి ఉన్న ఆ స్టాండర్డ్ హెరాల్డ్ కారు బాగుంది. మరీ బాగుంది, నాకు నచ్చనిది అదే. యాభై ఏళ్లు దాటిన బండికి ఆ మెరుపు ఎక్కడిది? అమ్మకానికి పెట్టే ముందు పెయింట్ కొట్టించి ఉంటారు. ఆ పెయింట్ కింద ఇనుమెంతో పుట్టీ ఎంతో ఫొటోలో తెలీదు. పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క ఒకటి మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో వేసుకుని రా. తలుపుల కింది అంచుల్లో, చక్రాల పైన వంపుల్లో, డిక్కీ అడుగున పెట్టి చూడాలి. పట్టుకోకుండా జారిపోయిన చోటల్లా పుట్టీ అనుకో.

అసలు నీకు స్టాండర్డ్ హెరాల్డే ఎందుకు కావాలో చెప్పలేదు. 'క్లాసిక్ కదా మామా' అన్నావు. అంబాసిడర్ కూడా క్లాసిక్కే, దానికి ఏ ఊళ్లోనైనా చెయ్యి తిరిగిన మెకానిక్ దొరుకుతాడు. ప్రీమియర్ పద్మినిలు 2023 దాకా బొంబాయిలో టాక్సీలుగా తిరిగాయి, వాటి సామానుకీ పెద్ద కరువు లేదు. హెరాల్డ్ అలా కాదు. మద్రాసులో దాన్ని చేసిన స్టాండర్డ్ కంపెనీయే ఇప్పుడు లేదు. కాబట్టి దాని తిక్క నీకు నచ్చితేనే కొను. ఫొటోలు దిగడానికైతే ఎవరి కారన్నా ఒక పూట అడిగి తీసుకోవచ్చు.

ఆ తిక్కకి ఒక కథ ఉంది. ఇంగ్లండులో ట్రయంఫ్ అనే కార్ల కంపెనీ వాళ్లు మొదట ఈ కారు గీయిస్తున్న రోజుల్లో, బాడీలు చేసే పెద్ద కర్మాగారం ఒకటి పోటీ కంపెనీ చేతుల్లోకి పోయింది. మొత్తం బాడీని ఒకే డబ్బాలా నొక్కి ఇచ్చేవాళ్లు దొరకలేదు. దాంతో కింద లారీకి ఉన్నట్టు విడి చాసిస్, అంటే ఇనప చట్రం, పెట్టి, పైన బాడీని ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలోటి. అక్కడ 1959లో, మన దగ్గర 1961లో వచ్చింది. తర్వాత మద్రాసు వాళ్లు దీనికి నాలుగు తలుపులు పెట్టారు, ఇంగ్లండులో కూడా లేని మోడల్ అది. నువ్వు చూసిన కారుకి నాలుగు తలుపులుంటే అది ఇంగ్లండు నుంచి వచ్చిందని వాళ్లు చెప్పే మాట నమ్మకు.

బోల్టుల బండి కాబట్టే ఇప్పటికీ బతుకుతోంది. ఒక ముక్క పాడైతే ఆ ముక్కే విప్పి బాగు చేసుకోవచ్చు. ఇక బానెట్ సంగతి చూస్తే నువ్వు పడిపోతావు. రెండు పక్కలా ఉన్న కొక్కేలు తీసి ఎత్తితే, మడ్‌గార్డులూ లైట్లతో సహా కారు ముందు భాగం మొత్తం లేచి ముందుకి వాలుతుంది. ముందు టైరు మీద కూర్చుని, కాళ్లు జాపుకుని, ఇంజన్ పని చేసుకోవచ్చు. నా హెరాల్డ్ దగ్గర నేను సాయంత్రాలు అలాగే కూర్చుంటాను. పని లేకపోయినా కూర్చుంటాను, మీ అత్తకి చెప్పకు. స్టీరింగ్ కూడా అంతే, పాతిక అడుగుల జాగా ఇస్తే చాలు, వెనక్కి తిరిగిపోతుంది. కడప వైవీ స్ట్రీట్‌లో కొత్త కార్ల వాళ్లు ముందుకీ వెనక్కీ తంటాలు పడుతుంటే మనం ఒక్క తిప్పులో బయటపడతాం.

నాకు మన కారు ఎలా వచ్చిందో మీ అమ్మ చెప్పే ఉంటుంది, కానీ సగమే చెప్పి ఉంటుంది. పులివెందులలో ఒక డాక్టరు గారిది. వయసు మీదపడి నడపలేక అమ్మాలనుకున్నారు. హోటల్ ముందు షోకి పెట్టుకుంటామని ఒకాయన ఎక్కువ రేటే ఇస్తానన్నాడట, డాక్టరు గారు ఇవ్వలేదు. నన్ను మాత్రం ఆదివారాలు రమ్మన్నారు. నాకేమో బ్యాంకులో లెడ్జర్లు తిప్పడం తప్ప ఇంకో పని రాదు. పాయింట్లు గీకడం, ప్లగ్గులు తుడవడం, కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదడం ఆయన పక్కన నిలబడి నా చేత చేయించారు. తాళం చేతికిచ్చే రోజున డబ్బు తక్కువే తీసుకున్నారు, షరతులే ఎక్కువ పెట్టారు. దానితో పాటు ఒక డబ్బా నిండా పాత బోల్టులు, ఏ నెలలో ఏం మార్చారో రాసుకున్న నోటు పుస్తకం ఇచ్చారు. ఆ పుస్తకం లేకపోతే కారు నా దగ్గర రెండు ఎండాకాలాలు కూడా నిలిచేది కాదు.

అందుకే నా సలహా, కారుని చూసే ముందు దాన్ని ఇన్నాళ్లూ చూసుకున్న మనిషిని చూడు. ప్రొద్దుటూరు పెద్దమనిషిని మూడు సంగతులు అడుగుదాం: ఎవరు రిపేరు చేస్తారు, చివరిసారి ఎంత దూరం పోయింది, ముందు చక్రాల ట్రనియన్లకి ఏం పోస్తారు. మూడోదానికి 'గ్రీజు' అన్నాడో, జాగ్రత్త.

ఆ ట్రనియన్ అనేది ముందు చక్రం కింద ఉండే కంచు ముక్క. చక్రాన్ని మోసే కడ్డీ మరలా అందులోకి దిగి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతుంది. దానికి పోయాల్సింది 90 నంబరు గేర్ ఆయిల్. గ్రీజు కొడితే లోపల గట్టిపడి ఆయిల్ దారి మూసేస్తుంది, నీళ్లు చేరి మరలు తుప్పు పడతాయి, ఒకరోజు కడ్డీ విరిగి చక్రం పక్కకి వాలిపోతుంది. నేను ఆరు నెలలకోసారి ఆయిల్ గన్‌తో, పాత నూనె అంచుల్లోంచి బయటికి కారేదాకా కొడతాను. అలవాటు లేని మెకానిక్ గ్రీజు గన్ పట్టుకొస్తే మొహమాటపడకుండా ఆపెయ్యి.

జాగ్రత్త పడాల్సిన రెండోది వెనక చక్రాలు. హెరాల్డ్‌కి వెనక ఇరుసు ఒకే కడ్డీ కాదు, రెండు ముక్కలు. మలుపులో స్పీడుగా పోతూ ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలేసినా, బ్రేకు తొక్కినా బయటి వైపు చక్రం లోపలికి ముడుచుకుని కారు తోక ఆడిస్తుంది. గువ్వలచెరువు ఘాట్‌లో దిగేటప్పుడు మలుపు రాకముందే స్పీడు తగ్గించు, మలుపు మధ్యలో కాలు యాక్సిలరేటర్ మీద తేలిగ్గా ఉంచు. బెంగళూరు హైవేలో నువ్వు నడిపే తీరు నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. ఈ టెన్షన్ అసలు వద్దనుకుంటే స్టాండర్డ్ వాళ్లదే 1972లో వచ్చిన గజెల్ మోడల్ వెతుక్కో, దానికి మామూలు ఇరుసే. కానీ చూడ్డానికి అంత అందంగా ఉండదు, నా మటుకు నాకు.

మన ఎండల గురించి వేరే చెప్పాలా? మే నెలలో ఏడు రోడ్ల కూడలి దగ్గర సిగ్నల్లో ఆగితే పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి బండి చచ్చిపోతుంది. సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించుకోవద్దు. బానెట్ ఎత్తి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద వేసినట్టు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగు. ఈలోగా నలుగురు చేరి 'ఏం కారు సార్ ఇది' అని అడుగుతారు. ఓపిగ్గా చెప్పు, ఆ చెప్పడంలోనే నీకు కారు మీద ఇష్టం పెరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది పాత రబ్బరుని తినేస్తుంది. కొన్న వారంలోనే పెట్రోలు పైపులు, పంపులో డయాఫ్రం అనే రబ్బరు పొర మార్పించు. మిగతా సామానుకి మద్రాసు పుదుపేట పోదాం, నేను కూడా వస్తాను.

మనకి కలిసొచ్చేది ఒకటుంది, కడప గాలిలో ఉప్పు లేదు. సముద్రపు ఒడ్డు బండ్లంత తుప్పు ఉండదు. అయినా కింద దూరి చాసిస్ పక్కలకి పొడుచుకొచ్చే చేతుల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాల్సిందే. అక్కడ దిగబడిందంటే బేరం వద్దు.

ఇంజన్ గురించి పెద్దగా బెంగ పడకు, 948 సీసీ చిన్న ఇంజన్, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే బోర్ చేయించుకోవచ్చు. కాగితాలే ముఖ్యం. ఆర్‌సీలో ఉన్న ఇంజన్, చాసిస్ నంబర్లు బండి మీది నంబర్లతో ఒక్కో అక్షరం సరిపోవాలి. మద్రాసు రిజిస్ట్రేషన్ అయితే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి, అది ఫారం 28. పేరు మార్చడానికి 29, 30. ఓనరు పోయి ఉండి కొడుకులు అమ్ముతుంటే మాత్రం ముందు వాళ్లనే ఫారం 31తో తమ పేరుకి మార్చుకోమను, ఆ తర్వాతే డబ్బు. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. 20,000 రూపాయలు కడితే పదేళ్లు చెల్లుతుంది, కానీ రోజువారీ తిప్పకూడదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో తీయొచ్చు, అంతే. నీకు తిరగడమే ముఖ్యమైతే మామూలు రెన్యువలే చేయించుకో.

ఇంట్లో చెప్పావా లేదా? మా అక్కకి చెప్పకుండా కొంటే ఆ నింద నా మీద పడుతుంది.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా కడపలో ఉండు, ఇద్దరం కలిసి పోదాం. మనం వచ్చేముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని వాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పు, చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో వినాలి. పాత చొక్కా వేసుకో, కారు కిందికి దూరేది నువ్వే. అడ్వాన్సు మాత్రం నేను చెప్పేదాకా జేబులోంచి తియ్యకు.

మీ మామ