మెరుపు పోకెమాన్ కార్డులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మిరైడాన్ ఎక్స్ అనే మెరుపు (లైట్నింగ్) పోకెమాన్ కార్డుతో డెక్, అంటే ఆడే కార్డుల కట్ట, కట్టుకున్నాను. ఎలక్ట్రిక్ జనరేటర్ నాలుగూ ఉన్నాయి, ఎనర్జీలు (అటాక్‌కి కావాల్సిన శక్తి కార్డులు) పది. జనరేటర్ వేసినప్పుడు చాలాసార్లు ఒక్క ఎనర్జీ కూడా దొరకడం లేదు. సరిగ్గా కలపడం లేదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కలపడంలో తప్పేమీ లేదు, మీకు ఎనర్జీలే చాలడం లేదు. జనరేటర్ వేస్తే డెక్‌లో పైనున్న ఐదు కార్డులు చూస్తారు. వాటిలో బేసిక్ లైట్నింగ్ ఎనర్జీలు ఉంటే రెండింటి దాకా బెంచ్ (వెనక వరుస) మీది లైట్నింగ్ పోకెమాన్లకు తగిలించవచ్చు. 60 కార్డుల్లో చేతికి 7, ప్రైజులకు (ఎదుటి పోకెమాన్‌ని ఓడించినప్పుడు తీసుకునే కార్డులకు) 6 పోతే డెక్‌లో మిగిలేవి 47. మీ పదిలో అక్కడ ఉండేవి సగటున ఎనిమిది. ఆ లెక్కన నూటికి 37 సార్లు ఏమీ రాదు, 43 సార్లు ఒకటి వస్తుంది, రెండూ దొరికేది 20 సార్లే. అదే 15 ఎనర్జీలు పెడితే డెక్‌లో దాదాపు 12 ఉంటాయి. ఏమీ రాని సార్లు 21కి దిగుతాయి, రెండూ దొరికే సార్లు 38కి పెరుగుతాయి. ఒక్కొక్కటే పెట్టుకున్న అటాకర్లను మొహమాటం లేకుండా తీసేసి ఆ చోటు ఎనర్జీకి ఇవ్వండి. 14కి మాత్రం తగ్గకండి.

వేసే వరుస కూడా ముఖ్యం. ముందు డెక్‌లోంచి పోకెమాన్‌ని తెచ్చే నెస్ట్ బాల్ లాంటివి, తర్వాత రెండు బేసిక్ లైట్నింగ్ పోకెమాన్ల దాకా బెంచ్‌కి తెచ్చే మిరైడాన్ ఎబిలిటీ టాండమ్ యూనిట్, ఆ తర్వాతే జనరేటర్. డెక్‌లోంచి పోకెమాన్లు బయటికొచ్చిన కొద్దీ ఎనర్జీ తగిలే అవకాశం పెరుగుతుంది. పైగా జనరేటర్ ఎనర్జీ బెంచ్‌కే పోతుంది, యాక్టివ్‌లో (ముందు నిలిచి పోరాడే చోట) ఉన్నదానికి తగిలించకూడదు. చాలామంది తడబడేది ఇక్కడే. బెంచ్ మీది మిరైడాన్‌కి జనరేటర్‌తో రెండు, ఆ టర్న్‌కి చేతినుంచి ఒకటి తగిలించి, స్విచ్ కార్డుతో ముందుకు తెండి. దాని అటాక్ ఫోటాన్ బ్లాస్టర్ 220 డ్యామేజ్ సిద్ధం. రెండోగా ఆడేవాళ్లు తమ మొదటి టర్న్‌లోనే ఇది చేయగలరు.

ఫోటాన్ బ్లాస్టర్ కొట్టిన మిరైడాన్ మీ తర్వాతి టర్న్‌లో అటాక్ చేయలేదు. అయితే బెంచ్‌కి వెళితే ఆ నిషేధం పోతుంది. స్విచ్‌తో దాన్ని వెనక్కి పంపి, ముందుకొచ్చినదాన్ని రిట్రీట్ చేసి (ఎనర్జీ ఖర్చుపెట్టి వెనక్కి పంపి) మళ్లీ మిరైడాన్‌నే తెచ్చుకోవచ్చు. రిట్రీట్ ఖర్చు రెండోదాని మీద పడుతుంది కాబట్టి మిరైడాన్ ఎనర్జీ కదలదు.

ప్రశ్న: టాండమ్ యూనిట్‌తో ఫ్లాఫీని తెచ్చుకోవచ్చా? రెండు మిరైడాన్లుంటే రెండుసార్లు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫ్లాఫీ రాదు, అది స్టేజ్ 1, అంటే మరీప్ ఎవాల్వ్ అయి (తర్వాతి దశకు మారి) వచ్చేది. మరీప్ బేసిక్ కాబట్టి వస్తుంది. రెండో దానికి అవును, ఒక్కో మిరైడాన్‌తో ఒక్కోసారి వాడుకోవచ్చు. బెంచ్‌లో ఐదు చోట్లే ఉంటాయని గుర్తుంచుకుని తెచ్చుకోండి.

ప్రశ్న: ఎదుటివాళ్ల ఎలక్టాబజ్ థండర్‌షాక్ కొట్టి, నాణెం వేస్తే బొమ్మ పడి, నా పోకెమాన్ పారలైజ్ అయింది. ఎప్పటికి పోతుంది?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: వాళ్ల టర్న్ అవగానే జరిగే చెకప్‌లో (టర్న్‌ల మధ్య పోకెమాన్ల స్థితి చూసే దశలో) పోదు. మీ టర్న్ అంతా అటాక్ గానీ రిట్రీట్ గానీ చేయలేరు. మీ టర్న్ ముగిశాక వచ్చే చెకప్‌లో పోతుంది. అంతవరకూ ఆగక్కర్లేదు. ఆ పోకెమాన్‌ని ఎవాల్వ్ చేసినా, స్విచ్‌తో బెంచ్‌కి పంపినా పారలైజ్ అక్కడికక్కడే తీరుతుంది. గుర్తుగా కార్డును కుడివైపుకి అడ్డంగా తిప్పిపెట్టండి. ఎడమవైపుకి తిప్పితే నిద్రపోయినట్టు.

ప్రశ్న: సరదాగా ఆడే పాత డెక్‌లో రైకూ వి, రెజిఎలెకి విమాక్స్ పెట్టాను. డ్యామేజ్ లెక్క కుదరడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రైకూ లైట్నింగ్ రాండో 20 డ్యామేజ్, దాని మీద రెండు వైపుల బెంచ్‌లోని ఒక్కో పోకెమాన్‌కి మరో 20. రెండు బెంచ్‌లూ నిండితే 220. మీ రెజిఎలెకి విమాక్స్ ట్రాన్సిస్టర్ ఎబిలిటీ 30 కలుపుతుంది, 250. వీక్‌నెస్ (బలహీనత వల్ల డ్యామేజ్ రెట్టింపు కావడం) లెక్క ఎప్పుడూ ఈ కలపడం అయ్యాకే. కాబట్టి లైట్నింగ్ వీక్‌నెస్ ఉన్న నీటి పోకెమాన్ మీద 500. ముందు రెట్టింపు చేసి తర్వాత 30 కలిపితే 470 వస్తుంది, మీ లెక్క తప్పుతున్నది అక్కడే అయ్యుండాలి. ట్రాన్సిస్టర్ బేసిక్ లైట్నింగ్ పోకెమాన్లకే పనిచేస్తుంది, రెజిఎలెకి విమాక్స్ సొంత అటాక్‌కి కలవదు. పైగా అది నాకౌట్ అయితే ఎదుటివాళ్లకు మూడు ప్రైజులు. బెంచ్‌లో పెట్టేముందు ఆలోచించండి.

ప్రశ్న: మా అబ్బాయికి బంగారు రంగు ప్లాస్టిక్ పికాచు కార్డుల కట్ట కొన్నాం. ఆటకు పనికొస్తాయా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అవి నకిలీవి, టోర్నమెంటులో చెల్లవు. అసలు బూస్టర్ ప్యాక్‌లలో బంగారు రంగువి కూడా అట్టతో చేసినవే వస్తాయి. నకిలీల మీద హెచ్‌పీ (ప్రాణబలం) అంకెలు అసలుకు పొంతన లేకుండా ఉంటాయి, అక్షరాలు లావుగా పడతాయి, వెనకవైపు నీలం రంగు వెలిసినట్టుంటుంది. ఇంట్లో ఆడుకోనివ్వండి, కానీ అసలు కార్డులతో మార్చుకోవద్దని బాబుకి ముందే చెప్పండి. ఆట నేర్పాలంటే 60 కార్డులూ సిద్ధంగా ఉండే బ్యాటిల్ డెక్ ఒకటి కొనండి.