సాగా మధ్యలో ఆపేసిన చిన్నాకి

చిన్నా,

ఐస్‌లాండ్ వాళ్ల పాత వచన కథ న్యాల్ సాగా ముప్పై పేజీలు చదివి పక్కన పెట్టేశానని రాశావు. ఎవరు ఎవరి కొడుకో తెలియక తల తిరిగిందన్నావు. నాకూ మొదటిసారి అంతే. పేర్ల గురించి టెన్షన్ పడకు. ఐస్‌లాండ్ వాళ్లలో చాలామందికి ఇంటిపేర్లు ఉండవు, తండ్రి పేరుకి కొడుకనో కూతురనో చేర్చుకుంటారు. కథలో పని ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు, నీకే గుర్తుండిపోతారు. అసలు ముఖ్యపాత్ర గున్నార్ వచ్చేదే 19వ అధ్యాయంలో. నువ్వు అతను గడప తొక్కకముందే పుస్తకం మూసేశావు!

ఇంకో మాట. వైకింగుల సీరియల్ చూసి మొదలుపెట్టావు కాబట్టి కత్తుల కోసం వెతుకుతున్నావు. కత్తులున్నాయి. కానీ ఇవి ముఖ్యంగా రైతుల కథలు. క్రీ.శ. 1000 ప్రాంతంలో జరిగినవాటిని 13వ శతాబ్దంలో దూడ తోలు మీద రాసుకున్నారు. ఆ దేశానికి అప్పుడు రాజు లేడు. 930 నుంచి ఏటా థింగ్‌వెల్లిర్ మైదానంలో సభ కూడేది, తీర్పులు చెప్పేది. అమలు చేసే బాధ్యత మాత్రం గెలిచినవాడిదే. ఇది మనసులో పెట్టుకుంటే కక్షలు ఎందుకు తరాలు దాటతాయో తెలుస్తుంది.

చదివేటప్పుడు ఒక్కటి అలవాటు చేసుకో. మనిషి లోపల ఏమనుకున్నాడో సాగా దాదాపు చెప్పదు. ఏం చేశాడు, ఏమన్నాడు, అంతే. అందుకని నెమ్మదిగా చదువు. కరువులో తిండీ గడ్డీ అమ్మనన్న పొరుగు ఆసామి ఇంట్లో హాల్గెర్డ్ దొంగతనం చేయిస్తుంది. భర్త గున్నార్ అందరి ముందూ ఆమె చెంప మీద కొడతాడు. ఇది గుర్తుంచుకుంటానంటుంది ఆమె. అది 48వ అధ్యాయం. తర్వాత బోలెడు సంగతులు నడుస్తాయి, నువ్వు ఆ దెబ్బ మరిచిపోతావు.

గున్నార్‌కి మూడేళ్లు దేశం విడిచి వెళ్లాలని తీర్పు పడుతుంది. ఓడ దగ్గరికి వెళ్తుంటే గుర్రం తడబడి, కిందికి దూకుతాడు. వెనక్కి తిరిగి తన పొలాలున్న కొండవాలు చూస్తాడు. ఇంత అందంగా ఎప్పుడూ కనపడలేదని, వెళ్లనని ఇంటికి తిరిగొచ్చేస్తాడు. శత్రువులు చుట్టుముడతారు. గున్నార్ వింటి అల్లెతాడు తెగిపోతుంది. రెండు పాయల జుట్టు ఇవ్వమని, తన తల్లితో కలిసి తాడు పేనమని భార్యని అడుగుతాడు. దాని మీద ఏమైనా ఆధారపడి ఉందా అని ఆమె అడుగుతుంది. ప్రాణమే అంటాడు. అప్పుడు ఆమె ఆ చెంపదెబ్బ గుర్తు చేస్తుంది. 77వ అధ్యాయం. నేను చదివింది రాత్రి పదకొండింటికి. వెనక్కి వెళ్లి 48వ అధ్యాయం మళ్లీ చదివాను.

మీ పెదనాన్న పోయిన ఏడాది నన్ను నిలబెట్టింది మాత్రం ఎగిల్ సాగా. కొడుకు సముద్రంలో మునిగిపోతే ముసలి ఎగిల్ తిండి మానేసి గదిలో పడుకుంటాడు. కూతురు వచ్చి నేనూ నీతో చచ్చిపోతానని పక్కన పడుకుంటుంది. సముద్రపు నాచు నములుతుంది, త్వరగా చావొస్తుందని ఆయనకీ ఇస్తుంది. నాచు తింటే దాహం. మంచినీళ్లు తెమ్మంటే పాలు వస్తాయి. మోసపోయాం, ఇక కొడుకు మీద పద్యం చెప్పు, నేను కర్ర మీద చెక్కుతానంటుంది. ఆమె నాన్నని బతికించాలనే వచ్చిందని సాగా ఎక్కడా అనదు. నువ్వే తెలుసుకోవాలి.

కాబట్టి మళ్లీ మొదలుపెట్టు, రోజుకి నాలుగైదు అధ్యాయాలు చాలు. 129వది మాత్రం పగటిపూట చదువు. గున్నార్ స్నేహితుడు న్యాల్ ఇంటికి శత్రువులు నిప్పు పెడతారు. ఆడవాళ్లనీ పిల్లల్నీ బయటికి రానిస్తారు, ఆయన భార్య బెర్గ్‌థోరా మొగుణ్ణి వదిలి రానంటుంది. మనవణ్ణి బయటికి పంపబోతే, మనం ఎప్పటికీ విడిపోమని మాటిచ్చావు కదా అమ్మమ్మా అని వాడు ఆమె దగ్గరే ఉండిపోతాడు. అక్కడికి రాగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ