పాస్‌పోర్టు చేతికి రాకముందే అప్పు చేసి టికెట్లు కొనొద్దు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావారికి బట్టల కొట్టు ఉంది, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఇద్దరికీ కలిపి నెలకు 70 వేల దాకా వస్తుంది. ఇంటి ఖర్చు 42 వేలు, అది కాక 10 వేల చీటీ. చీటీ నవంబరుతో అయిపోతుంది, 2 లక్షలు చేతికొస్తాయి. బ్యాంకులో 65 వేలున్నాయి. మా తమ్ముడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మే సెలవుల్లో నలుగురం వెళ్దామనుకున్నాం. ఐదు రోజుల ప్యాకేజీ 3.4 లక్షలు. శనివారంలోగా 80 వేలు అడ్వాన్సు కట్టమని విశాఖ ఏజెంటు అంటున్నారు, అది తిరిగి ఇవ్వరట. 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామా, చీటీ పాడేద్దామా? నా పాస్‌పోర్టు సెప్టెంబరులో అయిపోతుంది. మావారికి, పిల్లలకు ఇంకా తీయలేదు. బాబుకు తొమ్మిదేళ్లు. పాప 2024 జనవరిలో శ్రీకాకుళంలో పుట్టింది, జనన ధ్రువపత్రంలో పేరు ఎక్కించలేదు. ఏజెంటేమో ఆధార్ చాలంటున్నారు. చిప్ ఉన్న పాస్‌పోర్టే కావాలని కొందరు, పెళ్లి సర్టిఫికెట్ తప్పదని కొందరు చెబుతున్నారు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, శనివారం ఆ 80 వేలు కట్టకండి. మీ నలుగురిలో మేలో విమానం ఎక్కగలిగే పాస్‌పోర్టు ఈరోజుకి ఒక్కరి దగ్గర కూడా లేదు. మీదీ పనికిరాదు. సింగపూర్‌లో దిగే రోజుకి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సెప్టెంబరులో అయిపోయే పాస్‌పోర్టుకు మేలో నాలుగు నెలలే మిగులుతాయి. ఇది ఏజెంటు మొదటి ఫోన్‌లోనే అడగాల్సిన విషయం.

మీ ఉత్తరాన్ని ఇక్కడ వివరంగా తీసుకోవడానికి కారణం ఉంది. ముందు టికెట్లు, తర్వాత అప్పు, ఆఖర్న కాగితాలు అనే ఈ వరస ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నాను. కాగితం ఒక్కటి ఆగితే చాలు, టికెట్ డబ్బు పోతుంది, ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

ముందు కాగితాల గందరగోళం తీర్చేద్దాం. 2025లో పాస్‌పోర్టు నిబంధనలు మారిన మాట నిజమే. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంటే మీ ఇంట్లో ఈ మార్పు తగిలేది పాపకే. ఆ పాప విషయంలోనే మీ ఏజెంటు ఆధార్ చాలన్నారు! మీవారు అంతకుముందు పుట్టినవారు కాబట్టి టెన్త్ సర్టిఫికెట్టో, పాన్ కార్డో, డ్రైవింగ్ లైసెన్సో సరిపోతుంది. బాబుకు మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం ఉంటే అదే పెట్టండి, ఏ పేచీ ఉండదు. చిప్ పాస్‌పోర్టు కోసం పాతది మార్చుకోనక్కర్లేదు. గడువు ఉన్నంత కాలం పాతది చెల్లుతుంది. మీరు మార్చుకునేది గడువు చాలక, అంతే. పెళ్లి సర్టిఫికెట్ అక్కర్లేదని 2016లోనే తేల్చేశారు. పుట్టింటి ఇంటిపేరుతోనే కొనసాగాలనుకుంటే కొనసాగవచ్చు. టికెట్ మీద కూడా అదే పేరు ఉండాలి, అది మాత్రం మరవకండి.

అసలు పని పాప ధ్రువపత్రం దగ్గర ఉంది. పురిటికి పుట్టింటికి వెళ్లి ఆంధ్రలో కని, ఒడిశాలో కాపురం ఉండేవాళ్లందరికీ ఇదే తిప్పలు. పుట్టుక ఎక్కడ నమోదైతే పేరు అక్కడే ఎక్కించాలి, పర్లాకిమిడిలో ఎంత తిరిగినా పని కాదు. పుట్టిన ఏడాదిలోపు అయితే రుసుము లేకుండా పేరు రాస్తారు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు అవకాశం ఉంది కాబట్టి కంగారు పడకండి. అయితే ఒక్కసారే సరిగ్గా రాయించండి. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా స్కూలు కాగితాల్లో చివర రాస్తారు. తల్లిదండ్రుల పేర్లు మీ ఆధార్‌లో ఏ స్పెల్లింగుతో ఉన్నాయో ధ్రువపత్రంలోనూ అలాగే ఉండాలి. పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు తీసుకోరు. మీవారి పాన్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి.

ఇవన్నీ తేలకుండానే 'పేర్లు చెప్పండి, నంబర్లు తర్వాత ఇద్దురు' అని ఏ ఏజెంటైనా టికెట్లు కొట్టిస్తే, టికెట్ మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఇంకో పేరు వస్తాయి. ఇంకో సంగతి కూడా చూడండి. ఆ 3.4 లక్షల్లో పాపను ఒళ్లో కూర్చునే బిడ్డగా లెక్క వేశారేమో అడగండి. రెండేళ్లు నిండిన బిడ్డకు సీటు టికెట్ కొనాలి. మేలో పాపకు రెండేళ్లు దాటి ఉంటాయి.

పాస్‌పోర్టుల ఖర్చు చూస్తే మీ ఇద్దరికీ 1,500 చొప్పున, బాబుకు 1,000, పాపకు పది శాతం తగ్గింపు పోను 900. అన్నీ కలిపి 4,900 రూపాయలు. తత్కాల్ అయితే మనిషికి మరో 2,000, అంటే 8 వేలు అదనం. పాప ధ్రువపత్రంలో పేరు లేకపోతే తత్కాల్ కట్టినా ఒరిగేదేమీ లేదు, ఆ డబ్బు ఉంచుకోండి. భువనేశ్వర్ పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలోనే వేయాలన్న నియమం 2018 నుంచి లేదు. విశాఖలో వేసినా తీసుకుంటారు, పోలీసు విచారణ మాత్రం ఫారంలో రాసిన ప్రస్తుత చిరునామాకు, అంటే పర్లాకిమిడికే వస్తుంది.

ఇప్పుడు డబ్బు మాట. మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది పాస్‌పోర్టు కాదు, ఆ 65 వేలు. నెలకు 42 వేలు ఖర్చయ్యే ఇంటికి అది నెలన్నర తిండి. దాన్ని కూడా ప్యాకేజీలో కలిపేసి, పైన 3 లక్షలు అప్పు చేస్తామంటున్నారు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అనుకుందాం. ఈఎంఐ సుమారు 10,250. వడ్డీయే 69 వేలు దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. ఐదు రోజుల తిరుగుడుకు మూడేళ్లు కడతారా? బట్టల కొట్టుకు ఆషాఢంలోనూ, మూఢంలోనూ బేరాలు ఎలా ఉంటాయో మీవారిని అడగండి. బ్యాంకుకు ఆషాఢంతో పని లేదు, ఐదో తారీఖుకి ఈఎంఐ కోసుకుంటుంది. ఆ నెల కొట్టు అద్దెకో, సూరత్ సరుకు బాకీకో మళ్లీ చేబదులు తేవాల్సి వస్తుంది.

మీకు కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 2.5 లక్షలు, ఎవరూ ముట్టుకోని డబ్బుగా ఉండాలి. వ్యాపారం మీద బతికే ఇంటికి ఇది తప్పనిసరి. మీ ఊళ్లో ఎవరికైనా అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే శ్రీకాకుళమో, బరంపురమో, విశాఖో పరుగెత్తాలి. అంబులెన్సుకి, అడ్మిషన్ కౌంటర్లో కట్టే అడ్వాన్సుకి ఆ రాత్రే చేతిలో డబ్బు కావాలి. మీరు సింగపూర్‌లో ఉన్న ఆ ఐదు రోజుల్లోనే ఇంటి దగ్గర పెద్దవాళ్లకు ఏదైనా అయితే ఎవరు కడతారు, ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ప్రశ్నకు జవాబు ఉన్న రోజే మీరు ప్రయాణానికి సిద్ధమైనట్టు.

ఆ నిధి కట్టడం మీకు కష్టం కాదు. చీటీ పోను నెలకు 18 వేలు మిగులుతోంది. ఈఎంఐగా కట్టాలనుకున్న ఆ 10,250ని పక్కన పెట్టండి. 18 నెలల్లో 1,84,500 అవుతుంది. ఇప్పుడున్న 65 వేలు కలిపితే దాదాపు 2.5 లక్షలు. కొట్టు ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, మీ ఇద్దరి పేరు మీద ఉంచండి. కొట్టు ఖాతాలో ఉంటే దసరా సరుకుకు వెళ్లిపోతుంది.

చీటీ ఇప్పుడు పాడొద్దు, పాటలో చాలా డబ్బు వదులుకోవాల్సి వస్తుంది. నవంబరు దాకా ఆగి పూర్తి 2 లక్షలు తీసుకుని, దాన్నే ప్రయాణపు డబ్బుగా ఉంచుకుని వచ్చే వేసవిలో వెళ్లండి. తమ్ముడు అక్కడే ఉన్నాడు కదా, మొహమాటపడకుండా అతని దగ్గరే దిగండి. హోటల్ పోతే టికెట్లు, వీసాలు, తిరుగుడు ఖర్చులే మిగులుతాయి. బంగారం తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి. క్రెడిట్ కార్డు ఈఎంఐ గురించి నన్ను అడగనే వద్దు.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా మాటే లేదు. కొట్టుకీ, చిన్న ప్రైవేటు స్కూలుకీ గ్రూపు పాలసీలు సాధారణంగా ఉండవు. శ్రీకాకుళం, విశాఖ ఆసుపత్రుల్లో ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కూడా మీకు అందదు, మీరు ఉండేది ఒడిశాలో. ఈ నెలలోనే నలుగురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ ఒకే ఆరోగ్య బీమా పాలసీ, తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పాలసీల మీద జీఎస్టీ లేదు. ఇంట్లో 70 దాటిన పెద్దలుంటే ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, చేయించండి. ప్రయాణ బీమా వీసాలు వచ్చాక, బయల్దేరే ముందు తీసుకుంటే చాలు.

ఈ వారం చేయాల్సింది చెబుతాను. పాప డిశ్చార్జి కాగితం, మీ ఇద్దరి ఆధార్ కార్డులు పట్టుకుని శ్రీకాకుళం జనన మరణాల రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి పేరు ఎక్కించడానికి అర్జీ పెట్టండి. అది చేతికొచ్చాక నలుగురికీ మామూలు పద్ధతిలోనే పాస్‌పోర్టులకు వేయండి. ఇక బీమా ప్రపోజల్ ఫారం ఏజెంటుకు వదిలేయకుండా మీరే కూర్చుని నింపండి. బీపీ, షుగర్ లాంటివి మీ ఇద్దరిలో ఎవరికి ఉన్నా, మాత్రలు వాడకపోయినా సరే, అందులో రాయండి. అక్కడ దాచిన ఒక్క విషయంతో క్లెయిమ్ మొత్తం తిరస్కరించే అవకాశం ఉంది.